నేను గెలిపించిన ఇటలీ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నిజానికి నాకింకా వయసు చాలదు. తలలో ఒక్క తెల్లవెంట్రుకైనా రాలేదు. కానీ కెనడాలో నాలుగైదు చలికాలాలు గడిపిన మనిషికి మొట్టమొదటి చలికాలం పోయిన జన్మలో జరిగినట్టే ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో అనే అంటాను, మీరు మన్నించాలి. ఆ రోజుల్లో మావాళ్ళు కెనడా చదువులకి ఎంత జోరుగా బయలుదేరారంటే, విమానంలో నా వరసలో కూర్చున్న ముగ్గురమూ ఒకే కాలేజీకి, ఒకే కోర్సుకి, ఒకే కన్సల్టెన్సీ ఇచ్చిన ఒకే రంగు ఫైలు పట్టుకుని వెళ్తున్నామని టొరంటోలో దిగాక గాని గమనించుకోలేదు. దిగిన మర్నాటి నుంచీ అందరిదీ ఒకటే పని, పార్ట్‌టైమ్ ఉద్యోగం వెతకడం. ఆ వెతుకులాటలో మాకొక జబ్బు పట్టుకుంది. ఎవరేం అడిగినా తెలుసు అనడం. పిజ్జా పిండి ఒత్తడం తెలుసా అంటే తెలుసు. ఫోర్క్‌లిఫ్ట్ నడపడం తెలుసా అంటే అదీ తెలుసు. (అది భోజనాల బల్ల దగ్గర చేసే పనేమో అనుకుని ఒప్పుకున్న మిత్రుడొకడు ఇప్పుడు ఒక గోడౌన్‌లో ఆ సరుకులెత్తే బండ్లకే సూపర్‌వైజరు. పేరు చెప్పను.) నాకు ఆ జబ్బు కాస్త ముదిరింది.

నేను అద్దెకున్నది టొరంటోని ఆనుకున్న వాన్ అనే ఊళ్ళో ఒక ఇటాలియన్ పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లో. ఎనభై దాటిన మనిషి. టొరంటో చుట్టుపక్కల ఇళ్ళకి జీవితమంతా టైల్స్ పరిచిన మేస్త్రీ. భార్య పోయాక పైన ఒక్కరే ఉండేవారు. మనవలు పిలిచే పిలుపుతోనే వీధిలో అందరూ ఆయన్ని నొన్నో అనేవారు. వాళ్ళ భాషలో తాత అని అర్థం. మొదట్లో నా నోటికది ఎంత ప్రయత్నించినా నాన్నో అనే వచ్చేది. నేను మెట్ల కింద నిలబడి "నాన్నో, వైఫై రావట్లేదు" అని కేకేస్తే, గదిలో నాతో ఉండే వరంగల్ అన్న దుప్పట్లో దూరి నవ్వుకునేవాడు. నొన్నోకి చెవులు బ్రహ్మాండంగా వినిపించేవి, కళ్ళే దెబ్బతిన్నాయి. చూపులో మధ్యభాగం చెరిగిపోయి అంచులు మాత్రం మిగిలాయి. ఎవరి మొహమైనా చూడాలంటే ఆయన పక్కకి తిరగాలి. నాతో మాట్లాడినప్పుడల్లా గోడకేసి చూస్తుంటే నా మీద కోపం వచ్చిందనుకుని మొదటి వారమంతా రోజూ సారీ చెప్పాను.

వారాంతాల్లో డ్రైవ్‌వే మీద మంచు తీయడం అద్దెకున్నవాళ్ళ పని అని ఆ ఇంటి నియమం. జనవరిలో మొదటిసారి పార పట్టుకుని దిగాను. పల్నాడు ఎండల్లో పెరిగినవాణ్ణి, మంచంటే ఫ్రిజ్ పై అరలో పేరుకునేదనే తెలుసు. గంటసేపు కష్టపడి మా వాకిట్లో మంచంతా శుభ్రంగా తీసి పక్కింటాయన కారు వెనక గుట్టగా పోశాను. ఆయన వచ్చి నాకేసి అలా చూస్తూ నిలబడితే, ఆ గుట్ట మళ్ళీ తీయబోయి జారిపడి నడుం పట్టేసింది. ఆ సాయంత్రం నొన్నో నన్ను పైకి పిలిచి, గోడకేసి తిరిగి, రగ్బీ తెలుసా అని అడిగారు. తెలుసు అన్నాను.

అదీ మొదలు. నొన్నో కుర్రతనంలో ఇటలీ ఉత్తరాన వాళ్ళ ఊరి జట్టుకి రగ్బీ ఆడారట. ఆ ఆటల్లో నలిగిన ఎడమ చెవి ఇప్పటికీ నూనెలో మడతపడిన అప్పడంలా ఉండేది. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరు దేశాల పోటీ జరుగుతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్, ఫ్రాన్స్, ఇటలీ. ఒక్కో దేశం మిగతా ఐదింటితో ఒక్కోసారి ఆడాలి. ఇటలీ ఏటా వస్తుంది, ఏటా ఓడిపోతుంది. అప్పటికి ఏడేళ్ళుగా ఆ పోటీలో ఒక్క ఆటా గెలవలేదు. వాన్ నిండా ఇటాలియన్లే గాని అందరూ ఫుట్‌బాల్ జనం. కాఫీ షాపులో నొన్నోతో పేకాడే స్నేహితులకి రగ్బీ బంతి కోలగా ఉంటుందన్న సంగతి తప్ప మరేం తెలియదు. టీవీలో ఇంగ్లిషు కామెంటరీ వస్తుంది, కానీ నొన్నో దాన్ని పెట్టనివ్వరు. వాళ్ళు ఇటలీ గురించి జాలిగా మాట్లాడతారని, ఓటమినైనా భరిస్తాను గాని ఆ జాలిని భరించలేనని అన్నారు. చూపున్నన్నాళ్ళూ గొంతు నొక్కేసిన టీవీనే చూశారు. ఇప్పుడు చూపు లేదు కాబట్టి మనిషి కావాలి. ఇటలీ ఆడే ఐదు రోజులూ పొద్దున పదింటి ప్రాంతంలో నేను పైకొచ్చి ఆట చెప్పాలి, బదులుగా మంచు సంగతి వరంగల్ అన్న చూసుకుంటాడు. (ఈ ఒప్పందం గురించి అన్నకి మంచు పడ్డాక తెలిసింది.) నాకు అన్నీ తెలుసని చెప్పాను కాబట్టి నొన్నో ఏమీ నేర్పలేదు. మనవాళ్ళవి నీలం చొక్కాలు అని మాత్రం అన్నారు.

మొదటి ఆట ఫ్రాన్సుతో, వాళ్ళ దేశంలోనే. నేను సోఫా అంచున కూర్చుని, మా కాలేజీ స్పోర్ట్స్ డే రోజున కబడ్డీకి మైకు పట్టుకున్న అనుభవమంతా కూడదీసుకున్నాను. నా ఇంగ్లిషూ ఆయన ఇంగ్లిషూ కలిస్తే ఒక మనిషికి సరిపడేంత ఉండేది, కనక ఒకరికొకరం బాగానే అర్థమయ్యాం. ఆట మాత్రం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముందుకి పోవాల్సిన వాళ్ళు బంతిని వెనక్కి విసురుతారు. మధ్యమధ్యలో అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది తలలు దూర్చి, బురదలో దిగబడిన ఆర్టీసీ బస్సుని రెండు వైపుల నుంచీ ఒకేసారి తోస్తున్నట్టు తోసుకుంటారు. బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకి ఆనిస్తే దాని పేరు ట్రై. అంత కష్టపడి సాధించినా దాన్ని ప్రయత్నమనే అంటారు చూడండి, అంతకంటే వినయం ఏ ఆటలోనూ ఉండదు. మొదట్లో తెల్లచొక్కాల వాళ్ళు ఒకటి పెడితే నిట్టూరుస్తూ చెప్పాను. తర్వాత నీలంచొక్కాల వాళ్ళు విజృంభించారు. నేనూ విజృంభించాను. మనవాడు దూరాడు, ఇద్దరు పట్టుకున్నా లాక్కుంటూ పోయాడు, గీత దాటేశాడు అని నేను గొంతు చించుకుంటుంటే, నొన్నో కుర్చీ చేతుల మీద పిడికిళ్ళు బిగించి కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

సగం ఆట అయ్యాక ఒక నీలంచొక్కా ఆటగాణ్ణి దగ్గరగా చూపించారు. గుండె మీద కోడిపుంజు బొమ్మ. నాకు సరదా వేసింది.

"నొన్నో, మన చొక్కాల మీద కోడిపుంజు ఎందుకుంటుంది?" అని అడిగాను.

"పుంజు మనది కాదు, ఫ్రాన్సు వాళ్ళది," అన్నారు ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడెలా ఉంది, ఏడుస్తోందా?"

నేను టీవీకేసి చూశాను. మూలన చిన్న అక్షరాల్లో ఉన్న స్కోరు అప్పుడు మొదటిసారి చదివాను. ఫ్రాన్సు నీలం, ఇటలీ తెలుపు. ఇద్దరిదీ నీలమే గాని ఆ రోజు మాత్రం, పరాయి ఊళ్ళో ఆడుతున్నారు కాబట్టి, ఇటలీ తెలుపు. గంట నుంచీ నేను ఫ్రాన్సుని గెలిపిస్తూ ఇటలీ పేరు చెబుతున్నాను. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. నొన్నో గోడకేసి తిరిగి, అంటే నావైపే, చిన్నపిల్లాడిలా నవ్వుతూ చూస్తున్నారు.

"ఏడుస్తోంది," అన్నాను.

ఆ తర్వాత సగం ఆటా తెలిసి చెప్పిన అబద్ధమే. కిందికి వచ్చి వరంగల్ అన్నకి చెబితే, చేతులకి వేడి నీళ్ళు పోసుకుంటూ అంతా విని, వచ్చే ఆదివారం నిజం చెప్పేయమన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ ఆదివారం పైకి వెళ్ళేసరికి నొన్నో నున్నగా గడ్డం గీసుకుని, టై కట్టుకుని కూర్చున్నారు. భార్య పోయాక ఆయన టై కట్టుకోవడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది. టై కట్టుకున్న మనిషికి నిజం చెప్పడం ఎంత కష్టమో మీరెప్పుడైనా ప్రయత్నించి చూడండి. ఆ రోజు ఆట ఇంగ్లండ్‌తో. నాకు సులువైన దారి తట్టింది. కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేదు, రెండు జట్ల పేర్లు తారుమారు చేస్తే చాలు. ఇంగ్లండ్ చేసిందల్లా ఇటలీ ఖాతాలో వేశాను. చిక్కేమిటంటే ఆ రోజు ఇటలీకి ఒక్క పాయింటు కూడా రాలేదు. కాబట్టి నా లెక్కలో ఇంగ్లండ్‌కి గుండుసున్నా వచ్చింది. నొన్నో నన్ను మూడుసార్లు అడిగారు, సున్నాయేనా అని. మూడుసార్లూ సున్నాయే అన్నాను. ఆయన లేచి వెళ్ళి భార్య ఫోటో ముందు నిలబడి ఏదో చెప్పి వచ్చారు.

ఐర్లండ్ ఆట మరీ విచిత్రం. మనవాళ్ళలో ఒకరికి దెబ్బ తగిలింది, ఇంకొకరు తప్పు చేసి బయటికి పోయారు, అది చాలదన్నట్టు రిఫరీ ఏ తప్పూ చేయని మూడోవాణ్ణి కూడా పంపేశాడు. నేను అలవాటు ప్రకారం వాళ్ళందర్నీ ఐర్లండ్ వాళ్ళని చేసి చెప్పాను గాని, ఇదెక్కడి న్యాయమో నాకే అర్థం కాలేదు. ముందు వరసలో తోసేవాళ్ళు అయిపోతే ఇంకొకణ్ణి కూడా తగ్గించాలనే నియమం ఉందని నొన్నో చక్కగా వివరించి, పాపం ఐర్లండ్ అన్నారు. అలా మా జట్టుకి జరిగిన అన్యాయం ఏమిటో మా పెద్దాయన దగ్గరే నేర్చుకుని, ఆయన చేతే శత్రువుల మీద జాలి చూపించాను. స్కాట్లండ్ ఆట నాటికి నాకు చేయి తిరిగిపోయింది. నాలుగుకి నాలుగు. నొన్నో చర్చిలో చెప్పారు, మంగలి దుకాణంలో చెప్పారు, కాఫీ షాపులో పేకముక్కలు పక్కన పెట్టించి మరీ చెప్పారు. వాళ్ళంతా తలలూపారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఆ వారంలోనే తెలిసింది.

గురువారం నాడు నొన్నో కూతురు బేస్‌మెంట్‌కి వచ్చింది. యాభై ఏళ్ళావిడ, ఏదో బ్యాంకు ఆఫీసులో ఉద్యోగం, మేమిద్దరం ఆవిణ్ణి ఆవిడుండే ఊరి పేరుతో రిచ్‌మండ్ హిల్ ఆంటీ అనుకునేవాళ్ళం. మెట్ల మీదే కూర్చుని, గొంతు తగ్గించి, నాన్నలో ఏమైనా మార్పు గమనించారా అని అడిగింది. చర్చి నుంచి ఫోన్ చేశారట, మంగలి కూడా చేశాడట. మీ నాన్నగారు ఇటలీ అన్ని దేశాలనీ రగ్బీలో ఓడించిందంటున్నారు, మేము నొప్పించడం ఇష్టంలేక ఊరుకుంటున్నాం, ఒకసారి డాక్టరుకి చూపించండి అని. ఆవిడ నెట్‌లో చూస్తే నాలుగూ ఓడిపోయారు.

"ఇంగ్లండ్‌కి సున్నా వచ్చిందని నాతో ఒట్టేసి చెప్పాడు," అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మ ఫోటోకి కూడా చెప్పాడట."

సోమవారం జ్ఞాపకశక్తి పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఫలితం బాగా లేకపోతే ఒంటరిగా ఉంచలేనని, ఇల్లు అమ్మేసి తన దగ్గరికి తీసుకుపోతానని, మేము ముందుగానే వేరే గది చూసుకోవడం మంచిదని చాలా మర్యాదగా చెప్పింది. నేను అప్పుడే చెప్పేయాల్సింది. సరేనండీ అని తలూపాను. ఆవిడ వెళ్ళాక వరంగల్ అన్న నాకేసి తిరిగాడు.

"మంచిగున్న మనిషిని పిచ్చోన్ని చేసినవ్ గదరా," అన్నాడు. "శనివారం ఆట ఉంది గద. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇటలీ ఎట్లయినా ఓడిపోతది. ఒక్కటి ఓడినంక మిగిలినయి కూడా ఒప్పుకో. నువ్వే గెలిపిచ్చినవ్, నువ్వే ఓడగొట్టు."

ఆ సలహా నాకు వేదవాక్కులా వినిపించింది. ఒకేసారి నాలుగు ఓటములు మీద పడేస్తే పెద్దాయన గుండె తట్టుకోదు. ముందు ఒకటి ఓడించి, నేల మీదికి దించి, తర్వాత మిగతావి చెప్పాలి. ఆట చివర అన్న కూడా పైకొచ్చి, అవునండీ ఓడిపోయారు అని సాక్ష్యం చెబుతానన్నాడు. అలా ఆ శనివారం నేను ఆ పోటీ మొత్తంలో మొదటిసారి నిజం చెప్పడానికి సోఫా అంచున కూర్చున్నాను. వేల్స్‌తో ఆట, వాళ్ళ ఊళ్ళో. వేల్స్ పాయింట్లు వేల్స్‌కే ఇచ్చాను. అవి ఇస్తుంటే సొంత సొమ్ము పంచినట్టు బాధ వేసింది. ఆఖరి నిమిషానికి ఇటలీ ఆరు పాయింట్లు వెనకపడి ఉంది. నొన్నో నిబ్బరంగా కాఫీ తాగుతున్నారు. నేను మనసులో వాక్యం సిద్ధం చేసుకుంటున్నాను, నొన్నో, ఇవాళ అదృష్టం లేదు అని.

అప్పుడు ఇటలీ కుర్రాడొకడు, ఆ భారీ మనుషుల మధ్య తప్పిపోయినట్టు కనిపించేంత సన్నవాడు, బంతి పట్టుకుని కుడివైపు గీత పక్కన పరుగు మొదలుపెట్టాడు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, మూడోవాడు మీదపడుతుంటే బంతిని లోపలికి విసిరాడు. అందుకున్నవాడు ఎవరూ అడ్డం లేకుండా పరిగెత్తి సరిగ్గా గోలు స్తంభాల మధ్య నేలకి ఆనించాడు. ట్రైకి ఐదు పాయింట్లు వచ్చాయి, తర్వాత ఆ స్తంభాల మధ్య నుంచి తన్నే తన్ను కూడా లోపలికి పోయి ఇంకో రెండు వచ్చాయి. ఒక్క పాయింటు తేడాతో ఇటలీ గెలిచింది. తన్నినవాడు అక్కడే నిలబడి ఏడుస్తున్నాడు. నేను కార్పెట్ మీద పడి ఏడుస్తున్నాను. నాలుగు వారాలు ఓటములు చూసి చూసి, ఎప్పుడయ్యానో తెలియకుండానే నేను ఇటలీవాణ్ణి అయిపోయాను. గెలిచాం నొన్నో, గెలిచాం అని ఆయన మోకాళ్ళు పట్టుకుని ఊపేశాను.

నొన్నో కాఫీ కప్పు ఒలకకుండా పైకెత్తి పట్టుకున్నారు. "ఐదుకి ఐదు," అన్నారు. "అయినా ఇంత గోల ఏమిటి? మొదటిసారి గెలిచినట్టు."

ఏడేళ్ళుగా ఈ మనిషి ఎదురుచూసిన గెలుపు ఇదే. ఎదురుగా వచ్చి నిలబడితే, నా నాలుగు దొంగ గెలుపుల పక్కన ఐదోదానిగా చప్పగా లెక్కేసుకుని కాఫీ తాగుతున్నారు. కార్పెట్ మీదే కూర్చుని, "నొన్నో, ఇదొక్కటే నిజం," అన్నాను. మిగతాది కూడా చెప్పాను. కోడిపుంజు దగ్గర నుంచి.

ఆయన కప్పు కింద పెట్టారు. ఒక్కొక్కటీ అడిగారు. ఫ్రాన్సు? ఓడిపోయాం. ఐర్లండ్? ఓడిపోయాం, ఆ బయటికి పోయిన వాళ్ళు మనవాళ్ళే. స్కాట్లండ్? ఓడిపోయాం. చివరికి ఇంగ్లండ్ గురించి అడిగారు. ఆ సున్నా ఎవరిదని. మనదే అన్నాను. తర్వాత నిదానంగా అన్నారు.

"నాలుగుసార్లు అబద్ధం చెప్పావు. ఇవాళ నిజమని నేనెలా నమ్మాలి?"

ఈ ముప్పు నేను ఊహించలేదు. రిమోట్ లాక్కుని టీవీ గొంతు పెంచాను. ఛానల్‌వాళ్ళు అప్పటికే రగ్బీ కట్టేసి కర్లింగ్ పెట్టేశారు. మంచు మీద రాయి జార్చి దాని ముందు చీపుళ్ళతో ఊడుస్తున్నారు. ఫోన్‌లో స్కోరు చూపిస్తే ఆయనకి కనిపించదు. అప్పుడు తలుపు తీసుకుని వరంగల్ అన్న వచ్చాడు, టోపీ మీద మంచుతో, మొహంలో అనుకున్న ప్రకారం విచారంతో. నొన్నో అతన్ని అడిగారు. అన్న తల వంచుకుని, అవునండీ, ఇటలీ ఓడిపోయింది, చాలా బాధగా ఉంది అన్నాడు. నేను తెలుగులో మొత్తుకున్నాను, అన్నా నిజంగానే గెలిచారు అని. అన్న నాకేసి విసుగ్గా చూశాడు. "ఓడిపోయిన్రని చెప్పాలె అనుకున్నం గద. గిప్పుడు మాట మారుస్తె ఎట్ల?" అన్నాడు.

ఆఖరికి కూతురికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఇవాళ ఇటలీ వేల్స్‌ని ఓడించిందని ఈ కుర్రాడు అంటున్నాడు, నిజమా అని నొన్నో అడిగారు. ఆవిడ నిట్టూర్చి, సోమవారం డాక్టరుతో మాట్లాడదాం నాన్నా అంది. ఒక్కసారి నెట్‌లో చూడండి, దండం పెడతాను అన్నాను. అటు నుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత ఆ బ్యాంకు ఉద్యోగిని ఇటాలియన్‌లో పెట్టిన కేకకి ఫోను నా చేతిలోంచి జారిపోయింది. నొన్నో ఆ కేక విన్నారు. లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. చేతులు తీసి, ఆ చివరి నిమిషం మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ చెప్పాను. ఆంటీ కారేసుకుని వచ్చేసరికి ఆరోసారి చెబుతున్నాను. ఆవిడ ముందు నన్ను నిలబెట్టి తిట్టింది, తర్వాత తిడుతూ తిడుతూ నవ్వింది, తర్వాత తనూ కూర్చుని ఏడోసారి వింది.

సోమవారం పరీక్షకి వెళ్ళారు. రద్దు చేయడానికి నొన్నో ఒప్పుకోలేదు. డాక్టరు ముందు ఆ పోటీ మొత్తం రెండు రకాలుగా, నేను చెప్పినట్టూ జరిగినట్టూ, ఒక్క పాయింటు తప్పకుండా అప్పజెప్పారట. ఇల్లు అమ్మే మాట మళ్ళీ వినిపించలేదు. నా మీద కోపంగా ఉందా అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"ఉంది. కానీ నీ మీద కాదు," అన్నారు. "ఇంగ్లండ్‌కి సున్నా అంటే నమ్మాను చూడు, నా మీద." మళ్ళీ తనే, "వచ్చే ఏడు కూడా నువ్వే రా. ఉన్నది ఉన్నట్టే చెప్పు. ఓడిపోతున్నప్పుడు మాత్రం కొంచెం నెమ్మదిగా చెప్పు," అన్నారు.

మరుసటి ఏడు ఐదూ ఓడిపోయారు. ఐదూ నెమ్మదిగా చెప్పాను. ఆ తర్వాత చదువైపోయి, కనాటా అనే మరో ఊళ్ళో ఉద్యోగం దొరికి వచ్చేశాను. ఇప్పుడు నేను జాగ్రత్తగా మాట్లాడే మనిషిని. మీటింగులో ఒక మాట అనే ముందు రెండుసార్లు సరిచూసుకుంటాను, తెలియనిది తెలియదంటాను, నలుగురూ నమ్మకస్తుడంటారు. ఆనాటి నేను, ఇరవై మూడేళ్ళ ఆ కుర్రాడు, ఎప్పుడైనా ఎదురుపడితే గట్టిగా నాలుగు చివాట్లు పెట్టాలని అనుకుంటూ ఉంటాను. కానీ ఒక పెద్దాయన మొహం వాడిపోతుందని భయపడి దేశాన్ని దేశాన్నే గెలిపించేసిన ఆ వెర్రి ధైర్యం ఇప్పుడు నాలో ఎంత వెతికినా దొరకదు. తీరా నిజంగా ఎదురుపడితే చివాట్లు మరిచిపోయి, పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చెప్పే కబుర్లు కాసేపు వింటాననే నా నమ్మకం.